కుప్పళ్లిలో కువెంపు ఇల్లు చూడాలంటే

ప్రశ్న: నేను పదో తరగతి పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్త. కన్నడ రచయిత కువెంపు పెరిగిన ఇల్లు అట్లనే కాపాడిండ్రని విన్న, అమ్మానాన్నలను తీస్కపోదామనుకుంటున్న. అంత దూరం పోవుడు దండగేనా?
- ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: దండగ ఎట్లైతదమ్మా, తప్పకుండా పోండి. శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాల ఉంటది కుప్పళ్లి, 1904ల పుట్టిన కువెంపు చిన్నతనమంతా ఆ ఇంట్లనే గడిచింది, ఇప్పుడది కవిమనె అని మ్యూజియం. మన భవంతి ఇండ్ల లెక్క నడుమ వాకిలి, చుట్టూ చెక్క స్తంభాలు, మీద అంతస్తులు, పాతకాలం వంట సామాను, అన్నీ నిదానంగ చూడాల్సినయే. ఆయన నవలలల్ల మలెనాడు (కర్ణాటకల పడమటి కొండల సీమ) అడవి, వాన, రైతుల ఇండ్లు ఎందుకంత గట్టిగ ఉంటయో అక్కడ నిలబడితే తెలుస్తది, నాకైతే ఇల్లు కంటే దగ్గర్లనే ఉన్న కవిశైలం గుట్ట ఇంకా ఇష్టం, ఆడ బండ మీద కన్నడ సాహిత్యంల పెద్దోళ్లు బి.ఎం.శ్రీ, టి.ఎస్.వెంకణ్ణయ్య, ఇంక కువెంపు పేర్లు చెక్కి ఉంటయి, వేలు పెట్టి తడిమి చూడొచ్చు. 1994ల పోయినంక కువెంపును ఆ గుట్ట మీదనే సమాధి చేసిండ్రు.

మహబూబ్‌నగర్‌ల బెంగళూరు రైలెక్కి, అక్కడ్నుంచి శివమొగ్గకు ఇంకో రైలు, తర్వాత తీర్థహళ్లికి బస్సు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వద్దు, వాన ఆగదు, పెద్దోళ్లకు బండ మీద కాలు జారుతది. డిసెంబర్ల పోండి. పోయేముందు ఆయన నవల ఒక్కటన్న అనువాదంల చదివించండి అమ్మానాన్నలతోని.