చేపలు బతికినా తూనీగ పిల్లలు ఎందుకు చచ్చాయి?

సందేహం: హోస్కోటె దగ్గర ఎకరంన్నరలో క్యాబేజీ వేశాను. డైమండ్ రెక్కల పురుగుకు ప్రొఫెనోఫాస్ 40%, సైపర్‌మెత్రిన్ 4% కలిసిన రెడీమిక్సు, పేనుబంకకు ఇమిడాక్లోప్రిడ్, ఆకుమచ్చకు ప్రొపికొనజోల్ ఒకే పంపులో పోసి కొట్టాను. మర్నాడే వాన పడింది. వారం తిరిగేసరికి కుంట నీళ్లు పచ్చబడ్డాయి, తూనీగ పిల్లలు కనబడటం లేదు, దోమలు పెరిగాయి. చేపలూ నత్తలూ బాగానే ఉన్నాయి. మందు వల్లే అయితే ముందు చేపలు చావాలి కదా?

సలహా: చేపలు బతికాయి కనుక నీరు బాగుందనుకోవడానికి వీల్లేదు. సైపర్‌మెత్రిన్ చేపలకూ విషమే. కానీ అది మట్టిని పట్టుకుని త్వరగా అడుగుకు చేరుతుంది, ఆ బురదలో తిరిగే తూనీగ పిల్లలకూ, నీటిలో ఎగిరెగిరి ఈదే డాఫ్నియా అనే చిట్టి జీవికీ అతి తక్కువ మోతాదే చాలు. నత్తలు ఈ మందులను బాగా తట్టుకుంటాయి, వాటి సాక్ష్యం ఇక్కడ చెల్లదు.

అసలు చిక్కు కలపడంలో ఉంది. ఒంట్లో చేరిన సైపర్‌మెత్రిన్‌ను విరిచేసే ఎంజైములు ఈ జీవులకు ఉంటాయి. ప్రొఫెనోఫాస్ వాటిలో కొన్నింటిని పనిచేయనివ్వదు, ప్రొపికొనజోల్ వంటి అజోల్ రకం తెగులు మందులు మరికొన్నింటిని అడ్డుకుంటాయి. అంటే మీరు తెగులుకని పోసినది, తానుగా ఏ పురుగునూ చంపకపోయినా, పక్కనున్న సైపర్‌మెత్రిన్‌కు కోరలు తొడిగింది. ఇమిడాక్లోప్రిడ్ దారి వేరు: అది నీటిలో బాగా కరిగి వానతో కుంటకు వస్తుంది. డాఫ్నియా దాన్ని లీటరుకు పదుల మిల్లీగ్రాముల దాకా ఓర్చుకుంటుంది, కానీ నీటిలో పెరిగే మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలకు వారాల తరబడి తగిలితే లీటరుకు ఒక మైక్రోగ్రాములోపే (మిల్లీగ్రాములో వెయ్యో వంతు) హాని చేస్తుంది. ఒక్క జీవి మీద, ఒక్క మందుతో చేసిన పరీక్షను నమ్మి నిశ్చింతగా ఉండలేమనడం ఇందుకే.

నాచును మేసే డాఫ్నియా పోవడంతో నీరు పచ్చబడి ఉంటుంది. దోమలు పది రోజుల్లో మళ్లీ పుట్టుకొస్తాయి, వాటి పిల్లలను తినే తూనీగలు కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఆ రెడీమిక్సు పత్తి కాయతొలుచు పురుగుల కోసం వచ్చినది, క్యాబేజీలో మానేయండి. బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే ఆవాల ఎర పంట మీకు పనికొస్తుంది: ప్రతి 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు, ఒకటి నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు విత్తాలి. పురుగు ఆవాలకే ఎక్కువగా చేరుతుంది, మందు ముఖ్యంగా అక్కడే కొట్టండి. పంపును కుంటలో కడగకండి. డబ్బాలు మూడుసార్లు కడిగిన నీళ్లను పంపులోనే పోసి పొలం మీదే కొట్టండి. వాన సూచన ఉన్నరోజు అసలు కొట్టవద్దు. కుంటకూ మడికీ మధ్య గడ్డి పట్టీ వదలండి.

ఇకపై మందు కొట్టే ముందురోజు ఉదయం, కొట్టిన మూడోరోజు ఉదయం కుంట ఒడ్డు నుంచి చెంబెడు నీళ్లు తెల్ల పళ్లెంలో పోసి నిదానంగా చూడండి. చుక్కల్లాంటి డాఫ్నియా ఎగురుతూ ఉందా, పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకుంటోందా, ఎన్ని ఉన్నాయో రాసిపెట్టి మాకు పంపండి.