పాత హార్మోనియం రీడ్లకు చిలుము పట్టింది, చింతపండుతో తోమొచ్చా?

తాతగారి హార్మోనియం అటక మీంచి దించామని, లోపల ఇత్తడి రీడ్లకు పచ్చగా చిలుము పట్టిందని, రెండు మూడు స్వరాలు పలకట్లేదని రాశారు. చింతపండో పీతాంబరి పొడో పెట్టి తోమొచ్చా అని అడిగారు. బయట కనిపించే ఇత్తడి సామానుకైతే తోముకోండి. రీడ్లకు మాత్రం వద్దు.

మా నాన్నగారు పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. కాకినాడ ఉప్పుగాలికి తరచూ పెట్టె విప్పక తప్పేది కాదు, అలా ఈ పని నాకూ అబ్బింది. ఇప్పుడు తెలిసినవాళ్ల పెట్టెలు కూడా చూస్తుంటాను. ఒకాయన తెచ్చిన పెట్టెలో రీడ్లు తళతళ మెరిసిపోతున్నాయి, ఎక్కడో రిపేరు షాపులో పాలిష్ పట్టించి ఇచ్చారట. వాయిస్తే ఏ స్వరమూ పక్క స్వరంతో కలవదు! రీడు అంటే ఓ ఇత్తడి రేకు, దాని మీద ఒక చివర రివెట్‌తో బిగించిన సన్నటి నాలుక; గాలికి ఆ నాలుక కదిలితేనే స్వరం పలుకుతుంది. నాలుక కొన దగ్గర లోహం తగ్గితే శ్రుతి పెరుగుతుంది, రివెట్ ఉన్న మొదలు దగ్గర తగ్గితే దిగుతుంది. శ్రుతి చేసేవాళ్లు సన్న ఆకురాయితో ఒకటి రెండు గీతలు గీసేది అందుకే. పాలిష్ పెట్టి రుద్దితే అదే పని కళ్లు మూసుకుని చేసినట్టు. పైగా పులుపు ఇత్తడిలోని జింకును లాగేస్తుంది, ఎక్కువసేపు నానిస్తే రేకు ఎర్రబడుతుంది. రివెట్ కిందకు దిగిన తడి ఓ పట్టాన ఆరదు. నాలుక విరిగేది కూడా సాధారణంగా ఆ చోటే.

అసలు స్వరం పలకకపోవడానికి చిలుమే కారణం కానక్కరలేదు. చాలాసార్లు నాలుకకూ రేకుకూ మధ్య ఉన్న సందులో ఓ వెంట్రుకో దుమ్ము రేణువో ఇరుక్కుని ఉంటుంది. ముందు ఫోన్‌తో ఫొటోలు తీసి, ట్యూనర్ యాప్‌లో ప్రతి స్వరం ఎక్కడుందో రాసుకోండి. తర్వాత పలకని రీడు విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నాలుకకు రెండు వైపులా సన్నటి వెలుగు గీత సమానంగా కనబడాలి. ఒక వైపు మూసుకుపోయి ఉంటే పలచటి కాగితం ముక్క ఆ సందులోకి దూర్చి, మొదలు నుంచి కొన వైపుకు మెల్లగా లాగండి. అడ్డంగా లాగితే నాలుక వంగుతుంది. కొన కూడా రేకు మట్టం కంటే కొద్దిగా పైకి ఉండాలి, పూర్తిగా మట్టంగా ఉంటే గాలి వచ్చినా కదలదు.

చిలుము గడ్డ కట్టిన చోట చీపురు పుల్లను చెక్కి దానితో గీకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి, అంతే. రేకు రంగు నల్లగానే మిగిలిందా, ఉండనివ్వండి. స్వరానికి ఆ నలుపుతో ఏ ఇబ్బందీ లేదు.

తుప్పు పట్టిన స్క్రూలు తిరగకపోతే బలవంతం చేయొద్దు. తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి, ముందు కాస్త బిగించి తర్వాత వదులు చేయండి. అయినా రాకపోతే సోల్డరింగ్ ఐరన్‌తో తలను వేడి చేయండి, చెక్క పట్టు వదులుతుంది. విప్పిన వాటిని అట్టముక్క మీద అదే వరుసలో గుచ్చుకోండి, ఏ స్క్రూ ఆ రంధ్రంలోకే వెళ్లాలి. వెనిగర్‌లో నానబెట్టినా ఫర్వాలేదు, తీశాక వంటసోడా నీళ్లలో ముంచి బాగా ఆరబెట్టాలి. వేళ్లతో నొక్కే మెట్ల కింద ఉండే స్టీలు స్ప్రింగులను మాత్రం అందులో వేయకండి, యాసిడ్‌కు పెళుసెక్కి తర్వాత పుటుక్కుమంటాయి. వాటికి జీరో నంబరు ఎమరీ పేపరు, ఆ పైన గుడ్డకు అద్దిన మెషిన్ ఆయిల్ చాలు.

పెట్టె లోపల డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు కొట్టొద్దు. నూనె తోలుకూ ఫెల్టుకూ పట్టిందంటే దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది.

బయటి కొక్కేలు, కీలు, పిడి తోమేముందు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది ఇత్తడి కాదు, పూత పూసిన ఇనుము. తోమితే పూత పోతుంది.

నాలుకకు పగులు కనబడితే ఇవేవీ అక్కర్లేదు, రీడు మార్చాల్సిందే. గుజరాత్‌లోని పాలితానా రీడ్లు దొరుకుతాయి. కొనేముందు పాత రేకు పొడవు, వెడల్పు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలుచుకోండి.