తమ్ముడు ప్రో బాక్సర్ అవుతానంటున్నాడు, జీడితోట అమ్మీమంటారా?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఊరు సార్. నేను గవర్నమెంట్ స్కూల్లో ఎస్జీటీని. తమ్ముడికి 23 ఏళ్ళు, ఆరడుగుల మూడంగుళాలు, 104 కిలోలు. బాక్సింగ్‌లో స్టేట్ గోల్డ్ ఉంది, నేషనల్స్ ఆడాడు గానీ మెడల్ రాలేదు. రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌కి పిలుపొచ్చింది. ఈలోపు దుబాయ్‌లో ఉన్న ఒక మేనేజర్ వీణ్ణి ప్రో హెవీవెయిట్ చేస్తానంటున్నాడు. ట్రైనింగ్, వీసా, మొదటి ఫైట్ల ఖర్చు కలిపి 18 లక్షలు మేమే కట్టాలట, అయిదేళ్ళ కాంట్రాక్టు, వచ్చినదాంట్లో 35 శాతం ఆయనకి. తిత్లీ తుఫానుకి పోయాక మళ్ళీ వేసిన ఎకరంన్నర జీడితోట నాన్న అమ్మీస్తానంటున్నారు. నేను పర్సనల్ లోన్ తీసి తోట ఆపుదామనుకుంటున్నాను. నాన్నకి ఈమధ్య కిడ్నీ టెస్టులో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపిస్తోంది. రెండిట్లో ఏది మంచిది?

జవాబు: మాస్టారూ, ముందు జవాబు చెప్పీసి తర్వాత కారణాలు చెప్తాను, ఎందుకంటే ఈపాటికే తోట చూడ్డానికి ఎవరో ఒకరు వచ్చీసుంటారు. తోట అమ్మొద్దు. లోనూ పెట్టొద్దు. కుర్రాణ్ణి ట్రయల్స్‌కి పంపండి. ప్రో బాక్సింగే వద్దనట్లేదు నేను, ఇప్పుడు వద్దు, ఈ డబ్బుతో వద్దు, ఆ మనిషితో అయితే అసలే వద్దు అంటున్నాను.

ఆ మనిషి సంగతే ముందు చూద్దాం. బాక్సింగ్‌లో మేనేజర్ అనేవాడు బాక్సర్ దగ్గర ముందుగా డబ్బు పుచ్చుకోడు. ఫైట్లు కుదురుస్తాడు, ఆ ఫైట్‌కి వచ్చిన డబ్బులో, దాన్ని పర్సు అంటారు, అందులో వాటా తీసుకుంటాడు. బ్రిటన్‌లో మామూలుగా 25 శాతం, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మూడో వంతుకి మించకూడదు. బాక్సర్ గెలిచి పైకొస్తేనే మేనేజర్‌కి కూడా నాలుగు డబ్బులు, అందుకే అతనే వీడి మీద ఖర్చు పెట్టుకుంటాడు. మీ దగ్గరకొచ్చినాయన 18 లక్షలు ముందే తీసీసుకుని ఆ పైన 35 శాతం కూడా అడుగుతున్నాడు. అంటే మీవాడు మొదటి ఫైట్లో మొదటి రౌండ్లోనే పడిపోయినా ఆయన లాభం ఆయనకి వచ్చీసినట్టే కదా, ఇంక వీణ్ణి పైకి తెచ్చే అవసరం ఆయనకేటుంది చెప్పండి.

మరి పెద్ద హెవీవెయిట్లందరికీ మొదట్లో డబ్బు ఎవరు పెట్టారని మీవాడు అడుగుతాడు. ఆంటొనీ జాషువా 2012 లండన్ ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ గోల్డ్ కొట్టి 2013లో ప్రో అయ్యాడు, 2016లో పదహారో ఫైట్‌కే వరల్డ్ టైటిల్. ఉక్రెయిన్ ఉసిక్‌ది కూడా అదే లండన్‌లో హెవీవెయిట్ గోల్డ్, అతనూ 2013లోనే ప్రో. డియాంటే వైల్డర్ 2008 బీజింగ్ బ్రాంజ్ తెచ్చుకుని అదే ఏడాది ప్రో అయ్యాడు. మెడల్ ఉన్నవాడి వెనక షోలు పెట్టే ప్రమోటర్లు తిరుగుతారు, సైన్ చేసినందుకే ఎదురు డబ్బిస్తారు, మెడల్ లేనివాడికి ఇంట్లోవాళ్ళు పెట్టుకోవాలి. టైసన్ ఫ్యూరీ ఒలింపిక్స్‌కి వెళ్ళలేదు కదా అంటాడేమో, నిజమే, కానీ అతను కూడా 2008లో ఇంగ్లండ్ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాకే ప్రోలోకి దిగాడు. మన విజేందర్ సింగ్ వెయిట్ వేరనుకోండి, ఆయనకి కూడా బీజింగ్ బ్రాంజ్ చేతిలో ఉన్నాకే 2015లో మాంచెస్టర్‌లో ప్రో ఫైట్ దొరికింది. మీవాడి దగ్గర ప్రస్తుతం ఉన్నది స్టేట్ గోల్డ్. అది చిన్నదని కాదు, దాన్ని చూసి బయటోడు పెట్టుబడి పెట్టడు, అంతే.

చిన్న ఫైట్లలో డబ్బెంతో కూడా చెప్పీస్తాను, మీ నాన్నగారు టీవీలో చూసినవి కోట్లే కాబట్టి. కొత్తవాళ్ళు మొదట ఆడేది నాలుగు రౌండ్ల ఫైట్లు, అమెరికాలోనే వాటికి వెయ్యి రెండు వేల డాలర్ల లెక్కలో ఉంటుంది. బ్రిటన్‌లో చిన్న హాళ్ళ షోలైతే కొత్త బాక్సర్ తనే టిక్కెట్లు అమ్ముకోవాలి, అమ్మినదాంట్లోంచి ఎదుటివాడికి ఇవ్వాల్సింది పోగా మిగిల్తే వీడికి. దుబాయ్‌లో పలాస కుర్రాడి టిక్కెట్లు ఎవరు కొంటారండీ, మన సోంపేట కవిటి కుర్రాళ్ళు గల్ఫ్‌లో బోలెడుమంది ఉన్నారు నిజమే గానీ వాళ్ళు వెల్డింగ్ చేసి ఇంటికి పంపుకునే డబ్బది.

సరే, అన్నీ కలిసొచ్చి కొన్నేళ్ళకి అమెరికాలో పది లక్షల రూపాయల పర్సు వచ్చిందే అనుకుందాం. బయటి దేశం ఆటగాడని అక్కడ మొత్తం మీద 30 శాతం టాక్స్ ముందే పట్టుకుంటారు, 3 లక్షలు పోయాయి. మీ కాంట్రాక్టు ప్రకారం మేనేజర్‌కి మూడున్నర. ట్రైనర్‌కి మామూలుగా 10 శాతం, లక్ష. ఫ్లైటు, హోటలు, ప్రాక్టీస్‌లో ఎదురు నిలబడి స్పారింగ్ చేసేవాళ్ళకి రోజుకూలి, మెడికల్ టెస్టులు, ఇవన్నీ తక్కువలో తక్కువ లక్షన్నర వేసుకోండి. చేతికొచ్చేది లక్ష. తర్వాత అక్కడ రిటర్న్ వేసుకుంటే టాక్స్‌లో కొంత వెనక్కి రావచ్చు, ఇక్కడ రిటర్న్‌లో కూడా అక్కడ కట్టినదానికి క్రెడిట్ అడగొచ్చు, కానీ ఆ కాగితాలన్నీ దాచుకుని ఆడిటర్ దగ్గరకెళ్ళే ఓపిక మీవాడికి ఉందా అన్నది వేరే సంగతి. స్పారింగ్ మాట ఎందుకన్నానంటే హెవీవెయిట్‌కి అదో ప్రత్యేకమైన ఖర్చు. మన దగ్గర వంద కిలోల బాక్సర్లు తక్కువ, వీడు ప్రాక్టీస్ చెయ్యాలంటే వీడంత మనిషి కావాలి, ఆ మనిషిని ఎక్కణ్ణుంచో రప్పించాలి లేదా వీడే వెళ్ళాలి. క్యాంపు రైల్వేదో ఆర్మీదో అయితే ఆ ఖర్చు మీ జేబు మీద పడదు.

కాంట్రాక్టుల గురించి ఒక్క కథ చెప్తాను, మైక్ టైసన్‌ది కాదు. 30 కోట్ల డాలర్లకి పైగా సంపాదించి 2003లో దివాలా పిటిషన్ వేసిన సంగతి అందరికీ తెలిసిందే, అది విని జనం ‘మనకంత వస్తే కదా’ అని నవ్వీసి వదిలేస్తారు. టిమ్ విథర్‌స్పూన్ పేరు ఎక్కువమంది విని ఉండరు. ఈయన వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్. 1986 జులైలో లండన్ వెంబ్లీలో ఫ్రాంక్ బ్రూనోతో ఫైట్, పదకొండో రౌండ్లో గెలిచాడు. అన్నీ కోసుకోగా ఛాంపియన్ చేతికొచ్చింది దాదాపు 90 వేల డాలర్లు, ఓడిపోయిన బ్రూనోకి దాదాపు 9 లక్షల డాలర్లు! ప్రమోటర్ డాన్ కింగ్, మేనేజర్ చూస్తే ఆ ప్రమోటర్ ఇంటి మనిషే. బాక్సర్ తరఫున గట్టిగా బేరం ఆడాల్సినవాడు అవతలివాడి ఇంట్లోనే ఉంటే ఇంక బేరమేటి. తర్వాత విథర్‌స్పూన్ కోర్టుకెళ్ళాడు, దాదాపు పది లక్షల డాలర్లకి సెటిల్ అయ్యింది, కానీ అప్పటికి అతని మంచి ఏళ్ళు అయిపోయాయి. ఇలాంటివి చూసే అమెరికాలో 2000లో మహమ్మద్ అలీ పేరు మీద చట్టం తెచ్చారు, మేనేజర్‌కీ ప్రమోటర్‌కీ మధ్య డబ్బు సంబంధం ఉండకూడదని అందులో ఉంది. మీ దుబాయ్ ఆయన ట్రైనింగ్ తనే, ఫైట్లు పెట్టేది తనే, మేనేజరూ తనే అంటున్నట్టున్నాడు, ఆ ముక్క ఓపాలి కాంట్రాక్టులో వెతికి చూడండి.

ఇప్పుడు అసలు పాయింటు. మీవాడు ‘ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు’ అంటున్నాడని నాకు అనుమానం. తక్కువ వెయిట్లలో ఆ మాటకి అర్థముంది, అక్కడ స్పీడు తగ్గితే పని అయిపోయినట్టే. హెవీవెయిట్ అలా కాదు, టైసన్ ఇరవై ఏళ్ళకే ఛాంపియన్ అయ్యాడంటే అది ఇప్పటికీ చెరగని రికార్డు, మిగతావాళ్ళు అలా కాదు. ఉసిక్ 2024లో ఫ్యూరీని కొట్టి నాలుగు బెల్టులూ తీసుకున్నప్పుడు వయసు 37. వ్లాదిమిర్ క్లిచ్‌కో 39 వరకు ఛాంపియనే. జార్జ్ ఫోర్‌మన్ అయితే పదేళ్ళు రింగు వదిలీసి మళ్ళీ వచ్చి 1994లో 45 ఏళ్ళకి టైటిల్ కొట్టాడు. అంటే మీవాడికి 26, 27 ఏళ్ళకి కూడా ఆలస్యం అయిపోదు. అదే రైల్వే స్పోర్ట్స్ కోటా చూడండి, 25 దాటితే తలుపు మూసీసినట్టే, అందులో సడలింపు లేదు. ఒకటి ఆగుతుంది, ఇంకోటి ఆగదు. ఆగనిదాన్ని ముందు పట్టుకోండి.

తోట కూడా ఆ ఆగనిదాంట్లోకే వస్తుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చీశాక వేసిన అంటుమొక్కలు ఇప్పుడిప్పుడే పూర్తి కాపుకొస్తాయి. ఇన్నేళ్ళు ఎరువు వేసి, కాపలా కాసి, సరిగ్గా పిక్కలు రాలే టైముకి వేరేవాడి చేతిలో పెట్టీడం ఏటండీ. పైగా మళ్ళీ ఎకరంన్నర కొనాలంటే మీ జీతం మీద కష్టం. నాన్నగారి క్రియాటినిన్ అన్నారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ ముక్కే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది, డయాలసిస్ వరకు వెళ్ళినా ఎన్టీఆర్ వైద్యసేవలో (పాత ఆరోగ్యశ్రీ) కవరవుతుంది, అవన్నీ ఉన్నా రాకపోకలు, మందులు, పక్కన ఒక మనిషి పని మానుకుని కూర్చోడం, ఆ ఖర్చు ఇంటి మీదే పడుతుంది. ఆ రోజు వస్తే, రాకూడదు, వస్తే గనక తోట ఉండాలి. ఈ వారమే నెఫ్రాలజిస్టుకి చూపించండి, మీ ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల హెల్త్ స్కీమ్) కార్డులో అమ్మానాన్నల పేర్లు ఎక్కాయో లేదో చూసుకోండి, చాలామంది మాస్టార్లు భార్యాపిల్లల్ని ఎక్కించి అక్కడితో ఆపీస్తారు.

లోను సంగతి త్వరగా చెప్పీస్తాను. 18 లక్షలు 12 శాతానికి అయిదేళ్ళకి తీస్తే ఈఎంఐ నెలకి 40 వేలు, మొత్తం కట్టేది 24 లక్షలు. మీ ఇల్లు ఎలా గడుస్తుంది? అక్కర్లేదు.

మరి కుర్రాడి కల ఏటి చెయ్యాలంటే, ట్రయల్స్‌లో సెలెక్ట్ అయితే లెవెల్ 2 పోస్టుకి ఏడో పే కమిషన్ లెక్కలో బేసిక్ 19,900, డీఏ అవీ కలిపితే వాడి తిండికీ వాడి ఖర్చుకీ సరిపోతుంది (104 కిలోల మనిషి తిండి ఖర్చు తక్కువేం కాదు, అదిప్పటివరకు మీ ఇంటి లెక్కలో కనబడకుండా పోతోంది). వాడు నెలకి 5 వేలు, మీరు 5 వేలు, ఆర్‌డీ కట్టండి. మూడేళ్ళకి నాలుగు లక్షల దగ్గర అవుతుంది. ఈ మూడేళ్ళలో వాడి పని నేషనల్స్‌లో మెడల్, ఇండియా క్యాంపు. టోక్యో ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి మొదటిసారి సూపర్ హెవీవెయిట్‌లో వెళ్ళిన సతీశ్ కుమార్ ఆర్మీలో ఉద్యోగం చేస్తూనే వెళ్ళాడు, క్వార్టర్ ఫైనల్ 13 కుట్లతో ఆడాడు. ఆయన్ని ఓడించిన ఉజ్బెకిస్తాన్ జలొలోవ్ అప్పటికే ప్రో ఫైట్లు ఆడుతున్నవాడు, టోక్యోలోనూ పారిస్‌లోనూ గోల్డ్ అతనిదే, ఒకటి పట్టుకుంటే రెండోది వదిలేయాలన్న రూల్ 2016 నుంచి లేదు. మన జిల్లాలో కరణం మల్లీశ్వరి ఎఫ్‌సీఐ ఉద్యోగంలో ఉండే ఎదిగారు, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ కుర్రాళ్ళని అడగండి, ఆట వల్ల ఉద్యోగం, ఉద్యోగం వల్ల ఆట ఎలా నిలబడిందో వాళ్ళు మీవాడికి నాకన్నా బాగా చెప్తారు. ఉద్యోగంలో ఉండగా ప్రో ఫైట్ ఆడాలంటే డిపార్ట్‌మెంట్ పర్మిషన్ కావాలి, అది రాతపూర్వకంగా తీసుకున్నాకే, నోటిమాట మీద వద్దు.

మూడేళ్ళకి మెడల్ వస్తే ఆ నాలుగు లక్షలు వాడివి, ఆరు నెలలు ఎక్కడికైనా వెళ్ళి ట్రై చెయ్యనీండి, పోయినా మీరు ఒక్క మాట అనొద్దు. రాకపోతే ఆ డబ్బు వాడి పెళ్ళికో ఇంటికో. ఒక్కటి మాత్రం, ప్రోలోకి దిగేముందు ఇన్సూరెన్స్ పాలసీలు చదవండి. మామూలు యాక్సిడెంట్ పాలసీల్లో ప్రొఫెషనల్ ఆటల్లో తగిలిన దెబ్బలకి కవర్ ఉండదు, చెయ్యి విరిగినా, కంటి రెటీనా ఊడినా కంపెనీ చేతులెత్తీస్తుంది. టర్మ్ పాలసీ తీసుకుంటే బాక్సర్ అని రాయించండి, దాచితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది.

ఈలోపు ఆ మేనేజర్‌కి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, మీరు ఇంతకుముందు తయారుచేసిన హెవీవెయిట్లు ఎవరు, వాళ్ళ ఫైట్ రికార్డులు ఎక్కడ చూడొచ్చు, 18 లక్షలు మొదటి పర్సుల్లోంచి కోసుకుంటారా అని. పేర్లు చెప్తే బాక్స్‌రెక్ సైట్‌లో ప్రతీ ప్రో ఫైట్ ఉంటుంది, వెతుక్కోండి. కాంట్రాక్టు పీడీఎఫ్ నాకు పంపండి, సంతకం మాత్రం ఎవ్వరూ పెట్టొద్దు. జవాబుగా 18 లక్షలు కాస్తా 12కి, 10కి దిగితే ఇంక ఆయన ఫోన్ ఎత్తకండి.