ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరిన మా చెల్లి కొడుక్కి

అమలాపురం

నాన్నా,

ఆంధ్రా యూనివర్సిటీలో నీకు ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచి నా మనసు నిండుగా ఉంది. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. డిగ్రీ కాలేజీలో ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరైన దాన్ని కదా, పిల్లలు ఎక్కడ ఆగిపోతారో దగ్గరుండి చూశాను. తెలివి చాలక ఆగిపోయినవాళ్లు నాకు గుర్తు లేరు. నిర్వచనం బట్టీ పట్టేసి, దాన్ని ఒక్క లెక్కలోనైనా పెట్టి చూడకుండా తర్వాతి పాఠానికి వెళ్లినవాళ్లే రెండో సెమిస్టర్‌కి చతికిలపడ్డారు. అందుకని నిన్ను అడిగేది ఒకటే. చదివిన ప్రతి సూత్రానికీ అంకెలు వేసి చూడు. ఆ అంకెలు మన ఊళ్లోంచే తెచ్చుకో.

మీ నాన్న చేసే కౌలే తీసుకో. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ఎకరాకి 35 బస్తాలు పండాయనుకో, కౌలు 15 బస్తాలు. మిగిలేవి 20. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777. ఇరవై బస్తాలకి 35,540 వస్తుంది. దమ్ము, ఊడ్పులు, ఎరువులు, మందులు, కోత అన్నీ కలిపి 28,000 అయ్యాయనుకుంటే చేతికి మిగిలేది 7,540. ఇప్పుడు కోతల ముందు తుపాను వచ్చి చేను పడిపోయింది, పది బస్తాలు పోయాయి. పంట తగ్గింది మూడో వంతు కన్నా తక్కువే. కౌలు మాత్రం అదే 15 బస్తాలు. మిగిలిన పది బస్తాలకి 17,770 వస్తే, పెట్టుబడి పోను 10,230 రూపాయల నష్టం. పంట ఎంత పండినా మారని స్థిర వ్యయం అంటే ఏమిటో, రిస్క్ ఎవరి నెత్తిన పడుతుందో ఈ లెక్క ఒక్కసారి నీ చేత్తో నువ్వు వేస్తే ఇక మర్చిపోవు.

అక్కడితో ఆపకు. కౌలు బదులు సగపాలు, అంటే పంటలో చెరి సగం, పెట్టి మళ్లీ వెయ్యి. మంచి ఏడాదిలో రైతుకి 17న్నర బస్తాలు, తుపాను ఏడాదిలో 12న్నర. కౌలు పద్ధతిలో మిగిలిన 20 కన్నా మంచి ఏడాదిలో తక్కువ, 10 కన్నా చెడ్డ ఏడాదిలో ఎక్కువ. అంటే సగపాలులో ఇన్సూరెన్స్ లాంటిది దాగి ఉందన్నమాట. మరి అలాంటప్పుడు రైతు ఇంకో బస్తా ఎరువు ఎందుకు వేస్తాడు? ఖర్చు తనది, పెరిగిన పంటలో సగం ఆసామిది, అంటే భూమి యజమానిది. ఇంగ్లాండు అర్థశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి అర్థశాస్త్రవేత్తలు వాదించుకుంటున్న విషయం ఇదే. క్లాసులో ఆ పాఠం వచ్చేనాటికి నీ నోట్‌బుక్కులో ఈ రెండు లెక్కలూ ఉంటే, మాస్టారు బోర్డు మీద గీసే రేఖ నీకు తెలిసిన మనిషిలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆ 28,000లో మీ అమ్మ కలుపు తీసిన రోజులు ఉన్నాయా? మీ నాన్న రాత్రిళ్లు నీళ్లు పెట్టడానికి వెళ్లిన రోజులు? మన ఇళ్లలో పెట్టుబడి అంటే జేబులోంచి పోయిన డబ్బే. దాన్ని ఏ2 ఖర్చు అంటారు. ఇంట్లోవాళ్ల కష్టానికి కూలి కడితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ (ఎఫ్‌ఎల్ అంటే ఫ్యామిలీ లేబర్). సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. 2018-19 బడ్జెట్ నుంచి కేంద్రం ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్‌కి ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తున్నామంటోంది, రైతు సంఘాలు సీ2 మీద లెక్క కట్టమంటున్నాయి. ఇంత పెద్ద గొడవకి మూలం నువ్వు మొదటి నెలలో చదివే అవకాశ వ్యయమే, అంటే ఒక పనికి పెట్టడం వల్ల ఇంకో చోట వదులుకున్న రాబడి. దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా వదిలేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

2011 సార్వాకి మన కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు, అంటే పంట వెయ్యకుండా ఆపేశారు, విన్నావుగా. ధర సగటు చర వ్యయానికి (ఉత్పత్తితో పాటు మారే ఖర్చుకి) కూడా చాలనప్పుడు ఉత్పత్తి ఆపేయడమే మేలని సంస్థ సిద్ధాంతంలో చదువుతావు. ఆ ఏడాది రైతులు చేసింది అదే. కాకపోతే కాలువలు, మురుగు కాలవల బాగోగులు, కూలీల కొరత, కొనుగోళ్లు కూడా అందులో కలిసి ఉన్నాయి. సూత్రం ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడినుంచి చెప్పలేదో చూడటం నేర్చుకో. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లోనూ ఇంతే. ధర బాగుందని అందరూ ఒకేసారి పిల్ల వేస్తే మూడు నాలుగు నెలలకి పట్టుబడి వచ్చేసరికి ధర పడిపోతుంది. అది కాబ్‌వెబ్. కానీ 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ధర పడటానికి కాబ్‌వెబ్ కారణం కాదు. ఆ భారం కొనేవాడి మీద ఎంత, చెరువు గట్టున ఉన్నవాడి మీద ఎంత అనేది వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు, అమ్మకం ఎంత మారతాయన్నది, తేలుస్తుంది. ఏ సంఘటనకి ఏ పనిముట్టు తియ్యాలో తెలియడమే ఈ చదువు.

లెక్కల విషయం గట్టిగా చెప్తున్నా, విసుక్కోకు. ఇంటర్‌లో నీది సీఈసీ, టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ అంది. క్లాసులు మొదలయ్యేలోపు ప్రమేయాలు, అవకలనం, లాగ్, మాత్రికలు రోజూ పొద్దున్నే ఒక గంట చెయ్యి. చూడటం కాదు, పెన్నుతో చెయ్యి. ఉపాంత వ్యయం, అంటే ఇంకొక్కటి తయారుచేయడానికి అయ్యే అదనపు ఖర్చు, మొత్తం వ్యయానికి అవకలనమే. అది వస్తే సగం సూక్ష్మ అర్థశాస్త్రం తేలికైపోతుంది. సంభావ్యత, రిగ్రెషన్ రాకపోతే ఎకనామెట్రిక్స్ పేపర్ ముందు కూర్చోలేవు. ఎంపీసీ చదివొచ్చిన పిల్లలతో స్నేహం చెయ్యి. వాళ్లు నీకు లగ్రాంజ్ లెక్కల పద్ధతి చెప్తారు, నువ్వు వాళ్లకి కౌలు చెప్పు. ఇంగ్లీషు గురించి భయం వద్దు. చాప్టర్ చదివి ముందు తెలుగులో పది వాక్యాలు రాసుకో, తర్వాత ఇంగ్లీషులో రాయి.

ఒక జాగ్రత్త. మనం ధవళేశ్వరం నీళ్లు తాగి పెరిగినవాళ్లం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడ సేద్యమంటే కాలువే. దేశంలో సగానికి దగ్గరగా సాగు భూమి వాన మీదే ఆధారపడి ఉంది. అనంతపురం నుంచి వచ్చిన హాస్టల్ మిత్రుడు వ్యవసాయం గురించి నీకు భిన్నంగా మాట్లాడితే, వాదించకుండా అడిగి తెలుసుకో. మన ఊరి లెక్క మొదలుపెట్టడానికి. అది దేశానికి వర్తిస్తుందో లేదో డేటా చెప్పాలి. రిజర్వ్ బ్యాంక్ హ్యాండ్‌బుక్, ఉపాధి మీద 2017-18 నుంచి వస్తున్న పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే, గృహ వినియోగ వ్యయ సర్వే, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. 2023-24 సర్వేలో గ్రామాల్లో తలసరి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. మన ఇంటి ఖర్చు కట్టి ఆ సగటు పక్కన పెట్టు. ఎక్కడున్నామో చూసుకున్నాక ఎవరినీ ‘మధ్యతరగతి’ అని తేలిగ్గా అనవు.

ఉద్యోగాల గురించి బంధువులు అడుగుతూనే ఉంటారు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకి ఈ పీజీ ఉండాలి, రిజర్వ్ బ్యాంకులో రీసెర్చ్ పోస్టులున్నాయి, నెట్ రాసి లెక్చరర్ కావచ్చు. వాటి సిలబస్ మొదటి ఏడాదే చూసి పెట్టుకో, చాలు.

ప్రాజెక్టుకి కౌలు రైతుల మీద సర్వే చేద్దామనుకుంటే మే నెలలో వెళ్లు. దాళ్వా (రబీ పంట) అయిపోయి కాలువలు కట్టేసిన రోజులు, మనుషులు తీరుబడిగా ఉంటారు. డబ్బు ఎంత మిగిలిందని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. బస్తాల్లో అడుగు, రూపాయల్లోకి నువ్వు మార్చుకో. ఆసామి ఎదురుగా మాత్రం అడగొద్దు. 2019 చట్టం కింద కౌలు రైతుకి వచ్చే సాగు హక్కు పత్రానికి ఆసామి సంతకం కావాలి, దాని చుట్టూ భయాలున్నాయి. పేర్లు రాయకుండా నంబర్లు వేసుకో. ఆడవాళ్లతో విడిగా మాట్లాడు, అప్పుల సంగతి వాళ్లకే తెలుస్తుంది. ప్రశ్నావళి రాసుకున్నాక, ఎవరినీ అడగక ముందే నాకు పంపు. నేను చూసి, తీసేయాల్సిన ప్రశ్నలు కొట్టేసి రెండు రోజుల్లో తిరిగి పంపుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ