పాఖాల అడవి బాటలో సైకిల్ జారుతుంటే ముందు గాలి చూడు

తమ్ముడూ, పాఖాల అడవిలో మట్టిబాట ఎక్కగానే సైకిల్ జారుతోందని, చేతులు తిమ్మిరెక్కుతున్నాయని, ఒకే రోజు రెండుసార్లు పంక్చరైందని రాశావు. టైరు 2 అంగుళాల వెడల్పు, గాలి 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అన్నావు కదా, అసలు సమస్య అదే. నర్సంపేట దాకా తారు రోడ్డు మీద పర్వాలేదు. మొరం మీద మాత్రం అంత గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది, నేలను పట్టుకోదు. ఆ అదురంతా నీ చేతులకే వస్తుంది. మట్టిబాట మొదలవగానే 35కు తగ్గించు. వెనక చక్రంలో రెండు మూడు ఎక్కువే ఉంచు, బరువు ఎక్కువ పడేది దానిమీదే. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఇక రెండో పంక్చర్. ట్యూబు మార్చేముందు టైరు లోపల పాత గుడ్డ తిప్పు. వేలితో వద్దు, గీసుకుంటుంది. తుమ్మముల్లు కొస విరిగి అందులోనే ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది. నేను అది చూడకుండా బిగించి కొత్త ట్యూబు పోగొట్టుకున్నాను.

పాఖాల అభయారణ్యం, అటవీశాఖ వాళ్లు వెళ్లనిచ్చే బాటలోనే వెళ్లు. పొద్దున్నే బయలుదేరితే కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటి పాఖాల చెరువు కట్ట మీద తీరిగ్గా కూర్చోవచ్చు, చీకటి పడకముందే తిరిగి రావచ్చు.