అడగండి – చెబుతాం: పాలిషర్ మిషన్‌తో టైమ్ ఎక్కడ కలిసొస్తుంది?

ప్రశ్న: నాది నల్ల సెడాన్. ఏడాదికి రెండుసార్లు కాంపౌండ్ (గీతలను అరగదీసే పేస్టు) పట్టించి, వ్యాక్స్ వేస్తాను. చేత్తో చేస్తే ఆదివారమంతా పోతోందని డి.ఏ. (డ్యూయల్ యాక్షన్) పాలిషర్ కొన్నాను. అయినా ఆరు గంటలు పట్టింది. గీతలు పూర్తిగా పోలేదు, వ్యాక్స్ తుడిచేసరికి చేతులు పడిపోయాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: తుడవడం అంత కష్టమైందంటే వ్యాక్స్ మందంగా వేసి ఉంటారు. పెయింటుకు పట్టేది పలచటి పొర ఒక్కటే. మిగిలినదంతా మీరు తిరిగి తుడిచి పారేయాల్సిందే. లిక్విడ్ వ్యాక్స్ అయితే సెడాన్ మొత్తానికి 30 మి.లీ. దాటనివ్వకండి. మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్ మీద మూడు నాలుగు చుక్కలు వేసి, మిషన్‌ను 2వ నంబరు స్పీడులో పెట్టి, బానెట్ అంతా ఒకేసారి పరచండి. పక్కనుంచి చూస్తే సన్నని మసక మాత్రమే కనపడాలి. ఆరిందో లేదో వేలితో గీసి చూడండి. వేలు వెళ్లినచోట శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు, అలుక్కుపోతే ఆగాలి. మన ఊరి ఉక్కపోతలో డబ్బా మీద రాసిన టైమ్ కంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి గడియారాన్ని కాక వేలిని నమ్మండి.

ఇక గీతల సంగతి. డి.ఏ. మిషన్‌లో ప్యాడ్ ఊగుతూ తిరుగుతుంది. గట్టిగా నొక్కినా, ఒక అంచు మీద వాల్చినా తిరగడం ఆగి, ఊగడం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఎంతసేపు చేసినా గీత పోదు. ప్యాడ్ తగిలించే ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి. పని చేస్తుండగా ఆ గీత తిరుగుతూ కనిపించాలి. నిలబడిపోయిందా, చెయ్యి బరువు తగ్గించి ప్యాడ్‌ను సమంగా ఆనించండి.

ఒక్కోసారి రెండడుగుల చదరం మాత్రమే తీసుకోండి. బఠాణీ గింజంత కాంపౌండ్ చుక్కలు నాలుగు చాలు. మిషన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌తో అద్ది, 1వ నంబరు స్పీడులో పరిచి, తర్వాత 4 లేదా 5కి పెంచండి. సెకనుకు అంగుళం చొప్పున నిదానంగా నడపాలి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి వరసా ముందు వరసలో సగం కప్పుతూ, అలా నాలుగు నుంచి ఆరు సార్లు. గబగబా తోస్తే పని త్వరగా అయినట్టే ఉంటుంది గానీ మళ్లీ మొదటికే వస్తుంది. ప్రతి ప్యానెల్ తర్వాత ప్యాడ్‌ను బ్రష్‌తో దులపండి. మందు పేరుకున్న ప్యాడ్ కోయదు, వేడెక్కుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: ఏడాదికి రెండుసార్లు కాంపౌండ్ వద్దు. రంగు పైనుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, చాలా కార్లలో 40–50 మైక్రాన్లే. కాంపౌండ్ పట్టించిన ప్రతిసారీ అది కాస్త అరుగుతుంది, తిరిగి రాదు. గీతలు నిజంగా ఉన్నప్పుడే పట్టించండి, మిగతా సార్లు కడిగి వ్యాక్స్ వేస్తే చాలు. మీ ఆరు గంటల్లో ఎక్కువ భాగం ఇక్కడే మిగులుతుంది.

ప్రశ్న: ఇంట్లో నాలుగు అంగుళాల గ్రైండర్ ఉంది. దానికి ఫోమ్ ప్యాడ్ తగిలిస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: వద్దు. ఆ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ పాలిషర్ పని చేసేది సుమారు 600 నుంచి 3,000 మధ్య. గ్రైండర్ వేడికి డోర్ అంచుల్లో, బానెట్ మడతల్లో పెయింటు క్షణాల్లో కాలిపోతుంది. ప్లాస్టిక్ బంపర్ మీద ఇంకా త్వరగా, ఎందుకంటే రేకులా అది వేడిని లాగి పంచదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు డి.ఏ. మిషనే మంచిది. దానితో పనిచేసినా అంచులకు టేప్ వేయండి.

ప్రశ్న: తెల్ల కారు. కడిగినా నారింజ రంగు చుక్కలు పోవడం లేదు. మిషన్ పెడితే పోతాయా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: పైపైన పోతాయి గానీ, ముందు మిషన్ పెట్టకండి. అవి పెయింటులో దిగబడి తుప్పుపట్టిన ఇనుప రేణువులు. స్టీల్ ప్లాంటు, పోర్టు ఉన్న ఊళ్లో ఇది మామూలే. బ్రేకుల నుంచీ రాలుతుంది. ప్యాడ్ వాటిని ఊడదీసి పెయింటు మీద ఈడ్చిందంటే కొత్త గీతలు మీరే గీసినట్టు.

నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు ఐరన్ రిమూవర్ (ఇనుప రేణువులను కరిగించే స్ప్రే) కొట్టండి. ఇనుము ఉన్నచోట ఊదారంగులోకి మారి కారుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే నీళ్లతో కడిగేయండి. తర్వాత షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, క్లే బార్‌తో (పెయింటుకు అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) నొక్కకుండా రుద్దండి. క్లే కింద పడితే పారేయాల్సిందే, ఇసుక అంటుకున్న ముక్క మళ్లీ పనికిరాదు. చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి పెయింటు తడమండి. గరుకు ఎక్కడైనా మిగిలితే ఇట్టే తెలిసిపోతుంది. నున్నగా ఉన్నాకే మిషన్ తీయండి. సముద్రపు గాలి ఇసుకను మోసుకొచ్చే మధ్యాహ్నాలు ఆరుబయట కాక, సెల్లార్‌లో చేసుకోండి.