సర్వర్ సందేహాలు: 777 కొట్టే ముందు లాగ్ చూడండి

ప్రశ్న: ఉబుంటు సర్వర్‌లో ఇంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ ప్రోగ్రామ్) వేసి, సైట్‌ని నా హోమ్ ఫోల్డర్‌లో పెట్టాను. తెరిస్తే 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తోంది. ఎవరో చెప్పారని సైట్ ఫోల్డర్ మొత్తానికి 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చాను, అయినా అంతే. ఇంకేం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ 777 తీసేయండి. అది ఉన్నంతసేపు, పై ఫోల్డర్ దారి తెరుచుకుందంటే చాలు, సర్వర్‌లోని ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా మీ ఫైళ్లు మార్చేయొచ్చు. రేపు మీ అప్‌లోడ్ ఫారంలో చిన్న లొసుగు దొరికిందంటే, దూరినవాడు మీ ఇండెక్స్ ఫైల్‌నే తిరగరాసి పోతాడు. పైగా అది మీకు పనికి కూడా రాలేదు, ఎందుకంటే అడ్డం సైట్ ఫోల్డర్ దగ్గర లేదు, దాని పైనున్న హోమ్ ఫోల్డర్ దగ్గర ఉంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లు 750తో, అంటే బయటి యూజర్లకు ప్రవేశం లేకుండా, తయారవుతున్నాయి. ఇంజిన్‌ఎక్స్ పనిచేసేదేమో డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా అనే వేరే యూజర్ పేరు మీద. ఆ యూజర్ మీ ఫైల్ దాకా రావాలంటే దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కీ ఎక్స్ పర్మిషన్ (లోపలికి వెళ్లే అనుమతి) ఉండాలి, ఒక్కచోట లేకపోయినా అక్కడే ఆగిపోతాడు.

ఇది ఊహించి చెప్పక్కర్లేదు. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో చివరి నాలుగు లైన్లు చూడండి. '13: పర్మిషన్ డినైడ్' అని ఉంటే ఇదే కథ. 'డైరెక్టరీ ఇండెక్స్ ఫర్‌బిడెన్' అన్న ధోరణిలో ఉంటే పర్మిషన్ల గొడవే కాదు, ఆ ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైల్ లేదని అర్థం. రెండింటికీ బ్రౌజర్ చూపించేది అదే 403, అందుకే బ్రౌజర్‌ని చూసి వైద్యం మొదలుపెట్టకూడదు. సైట్‌ని వార్ కింద ఉండే డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు ఫోల్డర్‌లోకి (/var/www) మార్చి, ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 ఇవ్వండి (అంటే అందరూ చదవొచ్చు, మార్చేది ఓనర్ మాత్రమే). ఓనర్‌గా మీరే ఉండండి. అప్‌లోడ్లు పడే ఫోల్డర్ ఒక్కటి మాత్రం డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా పేరున పెట్టి, అందులో పీహెచ్‌పీ నడవకుండా కట్టడి చెయ్యండి.

ప్రశ్న: పీహెచ్‌పీ పేజీ తెరిస్తే పేజీ రాకుండా ఫైల్ డౌన్‌లోడ్ అవుతోంది.

జవాబు: ఇంజిన్‌ఎక్స్‌కి పీహెచ్‌పీ నడపడం రాదు, ఆ పనిని పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అనే వేరే ప్రోగ్రామ్‌కి అప్పగించాలి. ఉబుంటు ఇచ్చే డిఫాల్ట్ సైట్ ఫైల్‌లో ఆ లైన్లు కామెంట్ చేసి ఉంటాయి, విప్పండి. సాకెట్ (ఆ రెండూ మాట్లాడుకునే ఫైల్) పేరులోని పీహెచ్‌పీ వెర్షన్ మీ దగ్గరున్నదానితో సరిపోవాలి. లేదంటే డౌన్‌లోడ్ పోయి 502 (వెనకున్న ప్రోగ్రామ్ పలకలేదు) ఎర్రర్ వస్తుంది, లాగ్‌లో '2: నో సచ్ ఫైల్' అని కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఈలోగా మీ కాన్ఫిగ్ ఫైల్‌ని కూడా ఎవరైనా అలాగే డౌన్‌లోడ్ చేసుకుని ఉండొచ్చు కాబట్టి డేటాబేస్ పాస్‌వర్డ్ ఈ రోజే మార్చేయండి.

ప్రశ్న: పైథాన్ అప్లికేషన్ నడుస్తోంది, కానీ టెర్మినల్ మూసేయగానే సైట్‌లో 502 వస్తోంది.

జవాబు: టెర్మినల్‌తో పాటే మీ అప్లికేషన్ కూడా ఆగిపోతోంది, ఇంజిన్‌ఎక్స్ తలుపు తడితే పలికేవాళ్లు లేరు. లాగ్‌లో '111: కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని ఉండాలి. స్క్రీన్, నోహప్ లాంటి కమాండ్లు తాత్కాలికం, సర్వర్ రీస్టార్ట్ అయితే మళ్లీ మొదటికే వస్తుంది. సిస్టమ్‌డీలో (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను నడిపించే వ్యవస్థ) ఒక సర్వీస్ ఫైల్ రాయండి: ఏ యూజర్ పేరున నడవాలి, ఏ ఫోల్డర్ నుంచి, ఏ కమాండ్‌తో, పడిపోతే మళ్లీ లేవాలా అన్నవి చెబితే చాలు, సర్వర్ లేచినప్పుడల్లా మొదలయ్యేలా ఎనేబుల్ చెయ్యడం మాత్రం మరిచిపోవద్దు. గునికార్న్‌ని (పైథాన్ అప్లికేషన్‌ని నడిపే సర్వర్) 127.0.0.1 (ఈ సర్వర్ లోపలినుంచి మాత్రమే అందే చిరునామా) మీద, 8000 పోర్టులో పెట్టండి. 0.0.0.0 (సర్వర్‌కున్న అన్ని చిరునామాలు) మీద పెడితే, ఫైర్‌వాల్ ఆపకపోతే, ఇంజిన్‌ఎక్స్‌ని దాటేసి జనం నేరుగా లోపలికి వస్తారు.

రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్ సర్వర్ అయితే, అప్లికేషన్ నడుస్తున్నా 111కి బదులు 13 కనబడి బుర్ర తినేస్తుంది. అది ఎస్ఈలినక్స్ (ఆ సర్వర్లలో ఉండే అదనపు భద్రతా కాపలా) పని. మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు, వినకండి. వెబ్ సర్వర్ నెట్‌వర్క్ కనెక్షన్ చేసుకోవచ్చని చెప్పే స్విచ్ ఒకటి అందులోనే ఉంది, అది ఆన్ చేస్తే చాలు.

ప్రశ్న: లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ పెట్టాక భద్రత కోసమని 80 పోర్టు (హెచ్‌టీటీపీ) మూసేసి 443 (హెచ్‌టీటీపీఎస్) మాత్రమే ఉంచాను. మూడు నెలలు బాగానే నడిచి, ఇప్పుడు సైట్ సురక్షితం కాదని బ్రౌజర్ అంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ సర్టిఫికెట్ గడువు 90 రోజులు. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ దాన్ని దానంతట అదే రెన్యూ చేస్తుంది, కానీ మామూలు పద్ధతిలో డొమైన్ మీదేనని తేల్చుకోవడానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చేది 80 పోర్టుకే. మీరు మూసేశారు. తెరిచి, అక్కడికి వచ్చిన మిగతావాళ్లందర్నీ 301 (శాశ్వత దారి మళ్లింపు)తో 443కి పంపండి. తర్వాత సర్ట్‌బాట్ రెన్యూ కమాండ్‌ని డ్రై రన్‌తో (ఉత్తుత్తి పరీక్ష) నడిపి, లోపం ఏమీ చూపకపోతే అసలు రెన్యువల్ చెయ్యండి. అయినా బ్రౌజర్ పాతదే చూపిస్తోందంటే కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీదే ఉంది, ఇంజిన్‌ఎక్స్ ఇంకా పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. రీలోడ్ చెయ్యండి, ఇకమీదట అది ప్రతి రెన్యువల్ తర్వాతా జరిగేలా డిప్లాయ్ హుక్ (రెన్యువల్ అవగానే సర్ట్‌బాట్ నడిపే కమాండ్) పెట్టండి. గడువు దగ్గరపడుతోందని ఈమెయిల్ వస్తుందిలే అనుకోకండి, 2025 జూన్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాటిని ఆపేసింది.

హెచ్ఎస్‌టీఎస్ (ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌తోనే రమ్మని బ్రౌజర్‌కి చెప్పే సెట్టింగ్) కూడా పెడదామనుకుంటే కాస్త ఆగండి. అది ఉండగా సర్టిఫికెట్ గడువు దాటితే, హెచ్చరిక దాటుకుని ముందుకెళ్లే బటన్ కూడా బ్రౌజర్ ఇవ్వదు. ముందు బ్రౌజర్ దాన్ని గుర్తుంచుకునే గడువుని 300 సెకన్లతో మొదలుపెట్టి, రెండు రెన్యువల్స్ మీరు చెయ్యి పెట్టకుండా జరిగాక పెంచుకోండి.